అట్లకాడతో తీసిన మట్టి: సముద్రానికి దగ్గరలోని ఒక పెరటి తోట కేస్ స్టడీ

విశాఖపట్నంలో పెరటి తోటలకు, మిద్దె తోటలకు సలహాలివ్వడం నా వృత్తి. బాగా కుదిరిన కేసులు చాలానే ఉన్నా, వాటి గురించి రాయాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈ కేసులో మాత్రం మొదటి నెలన్నర నేనే దారి తప్పాను. భూసార పరీక్ష చేయించిన తర్వాత కూడా తప్పాను. అందుకే రాస్తున్నాను. ఇంటివారి అనుమతి ఉంది. పేర్లు, వీధి, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

బీచ్ రోడ్డుకు కిలోమీటరు లోపల ముప్పై ఏళ్ళ నాటి ఇల్లు. ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, ఆయన బ్యాంకు నుంచి. పెరడు సెంటున్నర ఉంటుంది, అంటే అరవై చదరపు మీటర్లు. తోట మొత్తం టీచరుగారిదే. ఆయన పేపరు చదువుతూ వరండాలో కూర్చుంటారు, అడిగితే తప్ప మాట్లాడరు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఇక్కడి మట్టి గురించి రెండు మాటలు. మన చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. అది అరిగి వచ్చేదే ఈ ఎర్రమట్టి. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ అందులో ఇసుక పాలు పెరుగుతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవారికి ఆ రంగు గుర్తుండే ఉంటుంది. ఈ నేలల్లో సహజంగా సున్నం తక్కువ. ఉదజని సూచిక, అంటే పీహెచ్ (ఏడు తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం), సాధారణంగా కాస్త ఆమ్లం నుంచి తటస్థం దాకా ఉంటుంది. ఈ ఊళ్ళో ఎర్రమట్టి పెరట్లో పీహెచ్ ఎనిమిది దాటితే, అది నేల గుణం కాదు, ఎవరో తెచ్చి కలిపినదే అనుకోవాలి. ఈ విషయం నాకు తెలియనిది కాదు. వేళకు గుర్తు రాలేదు, అంతే.

సమస్య

ఫిబ్రవరిలో పిలిచారు. పెరటి ఈశాన్య మూలలో ఒక కరివేపాకు చెట్టు, గోడ వెంట నాలుగు నూరువరహాల మొక్కలు. వాటి కొత్త చిగుళ్ళు పసుపు దాటి దాదాపు తెల్లగా వస్తున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగా, గీసినట్లు కనిపిస్తున్నాయి. పాత ఆకులు బాగానే ఉన్నాయి. పది అడుగుల ఇవతల ఉన్న వంగ, బెండ, నిమ్మ నిగనిగలాడుతున్నాయి.

అప్పటికి ఆవిడ చేయనిది లేదు. ఎప్సమ్ సాల్ట్ రెండుసార్లు, వేపపిండి, ఎముకల పొడి, ప్రతి వారం గుడ్డు పెంకుల పొడి, ఊరి నుంచి తెప్పించిన కట్టెల బూడిద. ఆన్‌లైన్‌లో కొన్న మూడు ముళ్ళ మీటరు కూడా ఒకటి ఉంది. బ్యాటరీ అక్కర్లేనిది, మట్టిలో గుచ్చితే డయలు మీది సూది కదిలేది. "బాబూ, ఎక్కడ గుచ్చినా ఏడే చూపిస్తోంది. ఏడంటే మంచిదేగా?" అన్నారు.

తడి మట్టిలో అది ఎక్కడైనా దాదాపు ఏడే చూపిస్తుంది. ఆ ముళ్ళలో రెండు వేరు వేరు లోహాలుంటాయి. తడి మట్టిలో వాటి మధ్య పుట్టే చిన్న విద్యుత్తే సూదిని కదిలిస్తుంది. ఆ విద్యుత్తు మట్టిలోని తేమను, లవణాలను బట్టి మారుతుంది. దాన్ని పీహెచ్ అని చదవడం సాహసమే. పరీక్షించి చూపిద్దామని మీటరును మంచినీళ్ళ గ్లాసులో ముంచి, తర్వాత అందులోనే నిమ్మకాయ పిండాను. సూది ఏడు దగ్గరే వణికి ఆగింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆరు వందలు పెట్టి కొన్నారట.

నా మొదటి పొరపాటు

ఆకులు చదవడంలో ఒక మొదటి మెట్టు ఉంది. లోపం కొత్త ఆకులో కనిపిస్తోందా, పాత ఆకులోనా? నత్రజని, మెగ్నీషియం తక్కువైతే మొక్క పాత ఆకుల నుంచి తీసి చిగురుకు పంపుకుంటుంది, కాబట్టి పాత ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుమును అలా తరలించుకోలేదు, కాబట్టి చిగురే తెల్లబడుతుంది. ఈ లెక్కన ఇది ఇనుము లోపం. ఎప్సమ్ సాల్ట్ పని చేయకపోవడం కూడా దీనికి సరిపోతుంది, అది మెగ్నీషియం కదా.

ఇంత తెలిసి కూడా నేను వేరే దారి పట్టాను. గోడ పక్కన ఒక మందారం ఆకుల అంచులు మాడి ఉన్నాయి. అంతకు ముందు వేసవిలో అదే ప్రాంతంలో ఇంకో ఇంట్లో బోరు నీటి ఉప్పుతో తోట పాడైంది, ఆ కేసు నా మనసులో ఇంకా తాజాగా ఉంది. ఈ ఇంటి బోరు నీటిలో నీటి శుద్ధి యంత్రాల వాళ్ళు వాడే టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపేది) ముంచితే 1,100 చూపించింది. సముద్రం దగ్గర ఇల్లు, ఉప్పు బోరు, మాడిన ఆకు. కథ చక్కగా అతికింది. "ఉప్పు పేరుకుంది, అదే వేళ్ళను అడ్డుకుంటోంది. కుళాయి నీళ్ళతో బాగా తడిపి కిందికి దించేద్దాం" అన్నాను.

మూడు వారాలు వారానికి రెండుసార్లు మూలను నానబెట్టారు. చిగుళ్ళు మారలేదు సరికదా, పాత ఆకులు కూడా పాలిపోవడం మొదలైంది. ఇసుక నేలలో అన్ని నీళ్ళు పోస్తే ఉన్న కాస్త నత్రజనీ దిగిపోతుంది. నేను వైద్యం చేయలేదు, కొత్త జబ్బు తెచ్చాను.

మట్టిలో ఉప్పు ఉందో లేదో ముందే చూడాల్సింది. పది నిమిషాల పని అది. ఒక వంతు ఎండిన మట్టికి రెండు వంతుల నీళ్ళు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, కలిపి అరగంట మధ్య మధ్య కదిలించి, పైన తేరిన నీటిలో టీడీఎస్ మీటరు పెట్టాలి. ఆలస్యంగానైనా పెట్టాను. 170 చూపించింది. ఈ మీటర్లు చాలావరకు విద్యుత్ వాహకతను (లవణాలు పెరిగేకొద్దీ పెరిగేది, మీటరుకు డెసీసీమెన్లలో కొలుస్తారు) ఐదు వందలతో హెచ్చవేసి అంకె చూపిస్తాయి. కాబట్టి 170 అంటే వాహకత సుమారు 0.34. మన ప్రయోగశాలల లెక్కలో ఒకటి లోపు ఉంటే భయం లేదు. కడిగిన తర్వాత కొలిచావు కాబట్టి తగ్గి ఉంటుంది కదా అనవచ్చు. అదే అనుమానంతో నీళ్ళు పోయని నిమ్మ పాదులోనూ చూశాను. దానికీ అదే బోరు నీరు. అక్కడ 190. ఉప్పు కథ అక్కడితో ముగిసింది. మందారం అంచులు మాడింది గోడ మీదుగా వచ్చే ఉప్పుగాలికి. మట్టికి దానితో సంబంధం లేదు.

ప్రయోగశాల మాట

ఇక ఊహలు చాలు, భూసార పరీక్ష చేయిద్దామన్నాను. ఏ పరీక్షలు అడగాలో కాగితం మీద రాసిచ్చాను: పీహెచ్, విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, వీటితో పాటు ఇనుము, జింకు లాంటి సూక్ష్మపోషకాలు. మట్టి ఎలా తీయాలో మాత్రం రాయలేదు. ఫోనులో "నాలుగైదు చోట్ల తీసి కలపండి" అన్నాను. లెక్కల టీచరు కదా, చూసుకుంటారనుకున్నాను.

పన్నెండు రోజులకు నివేదిక వచ్చింది. పీహెచ్ 7.2, వాహకత 0.3, సేంద్రియ కర్బనం 0.9 శాతం, భాస్వరం హెక్టారుకు 96 కిలోలు, ఇనుము 14 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 14. మన ప్రమాణాల్లో సేంద్రియ కర్బనం 0.75 దాటితే ఎక్కువ, భాస్వరం 25 దాటితే ఎక్కువ, ఇనుము 4.5 కంటే తగ్గితేనే లోపం. కాగితం ప్రకారం ఇది బంగారంలాంటి నేల.

"మట్టి బాగుందట బాబూ. మరి చెట్టుకేమొచ్చినట్టు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నివేదిక తప్పేమో, మరోచోట చేయిద్దామా అని కూడా అనుకున్నాను. తిట్టుకోవడానికి ప్రయోగశాల ఎప్పుడూ చేతికందేదే. కానీ అంకెల్లో ఒకటి నన్ను ఆపింది. నీళ్ళు పోసి కడిగేసిన ఇసుక నేలలో కర్బనం 0.9 ఎక్కడి నుంచి వచ్చింది? అది ఎరువు కుప్ప పక్క మట్టిలో ఉండాల్సిన అంకె. వెళ్ళి అడిగాను: "అమ్మా, మట్టి ఎక్కడెక్కడ, దేనితో తీశారు?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఒక పాత అట్లకాడ తెచ్చారు. చివర తుప్పు పట్టి రంపంలా ఉంది. తీసిన చోట్లు చూపించారు. మొత్తం ఆరు: వంగ మడిలో రెండు, బెండ దగ్గర ఒకటి, కంపోస్టు గుంట అంచున ఒకటి, నిమ్మ పాదులో ఒకటి, కరివేపాకు కింద ఒకటి. ప్రతిచోటా రెండు అంగుళాల లోతు. అట్లకాడ అంతకంటే దిగదు.

ప్రయోగశాల అబద్ధం చెప్పలేదు. దానికి అందిన పొట్లంలో జబ్బు మూల మట్టి ఆరో వంతు మాత్రమే, అదీ ఏళ్ళ తరబడి వేసిన కంపోస్టు పొర. మిగతా ఐదు వంతులు ఆరోగ్యంగా ఉన్న మట్టి. ఇక ఇనుము 14 అన్న అంకెకు ఆ తుప్పు అట్లకాడ తన వంతు సాయం చేసే ఉంటుంది. సూక్ష్మపోషకాల పరీక్షలో కొలిచేది పది లక్షల వంతుల్లో. అందులో చిటికెడు తుప్పు రాలితే చాలు.

గునపం దిగిన చోట

కరివేపాకు మొదలుకు మూడడుగుల దూరంలో గునపం వేయించాను. జానెడు దాకా మెత్తగా దిగింది. తర్వాత ఖంగుమంది. పైన నల్లటి కంపోస్టు మట్టి, దాని కింద పలుచటి ఎర్రమట్టి పొర, ఆ కింద ఇటుక ముక్కలు, బూడిద రంగు సిమెంటు పెళ్ళలు, తెల్ల సున్నం అంటిన గచ్చు. వంటింటి వెనిగర్ ఒక చెంచా పోశాను. సోడా పోసినట్టు బుసబుసమని పొంగింది. వంగ మడిలో అదే లోతు మట్టి మీద పోస్తే చప్పుడు లేదు. వెనిగర్‌తో పొంగిందంటే సున్నపు కార్బొనేటు ఉన్నట్టే. ఎంత ఉందో ఈ పరీక్ష చెప్పదు, ఉందని మాత్రం గట్టిగా చెబుతుంది.

అప్పుడు వరండాలో పేపరు కిందికి దిగింది. "హుద్‌హుద్‌లో ఆ వైపు గోడ పడిపోయింది కదండీ. మోయించడానికి మనుషులు దొరక్క ఆ పల్లంలోనే పరిచి, మీద మట్టి కప్పించాం."

2014 అక్టోబరు 12. ఈ ఊళ్ళో ఎవరినడిగినా ఆ రోజు ఎక్కడున్నారో చెబుతారు. నేను రెండు నెలలుగా ఈ ఇంటికి వస్తున్నాను, ఆయన ప్రతిసారీ అక్కడే కూర్చుని ఉన్నారు. ఒక్కసారి కూడా ఆయన్ను అడగలేదు. "ఇక్కడ ముందు ఏముండేది?" అన్న ప్రశ్న ఇప్పుడు నా మొదటి ప్రశ్న, అదీ ఇంట్లో అందరికీ.

సిమెంటు, సున్నం కరుగుతూ వేళ్ళ చుట్టూ పీహెచ్ పెంచుతాయి. నేలలో ఇనుము ఉన్నా వేళ్ళు తీసుకోలేని రూపంలోకి మారిపోతుంది. దాని మీద ఆవిడ వేసిన బూడిద, గుడ్డు పెంకులు రెండూ క్షారమే. ఎముకల పొడి భాస్వరాన్ని పెంచింది, భాస్వరం మితిమీరితే ఇనుము, జింకు అందడం ఇంకా కష్టం. ప్రేమతో వేసినవన్నీ అదే వైపు తోశాయి.

రెండోసారి మట్టి తీయడం

ఈసారి పక్కనుండి తీయించాను. అరవై చదరపు మీటర్లకు మూడు నమూనాలు. 2015లో మొదలైన భూసార కార్డుల పథకం తొలి విడతల్లో సాగునీరున్న పొలానికి రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా తీశారు. అది పొలానికి సరిపోవచ్చు. ఇంటి పెరడు అలా కాదు. గోడ కూలిన చోటు, కంపోస్టు చోటు, బట్టలుతికిన చోటు పక్కపక్కనే ఉంటాయి. నమూనా గీత విస్తీర్ణాన్ని బట్టి కాక, మొక్క తీరును, నేల చరిత్రను బట్టి గీయాలి.

ఒకటి, బాగున్న భాగం, ఆరంగుళాల లోతు. రెండు, ఈశాన్య మూల, అదే లోతు. మూడు, అదే మూలలో ఆరు నుంచి పన్నెండు అంగుళాలు, ఎందుకంటే కరివేపాకు వేళ్ళు తినేది అక్కడ. ఎరువు వేసిన పాదులూ కంపోస్టు అంచూ వదిలేసి, ఒక్కో భాగంలో ఎనిమిది చోట్ల వీ ఆకారంలో గుంట తీసి, పక్క గోడ నుంచి అంగుళం మందాన పై నుంచి కింది దాకా చెక్కాం. స్టెయిన్‌లెస్ స్టీలు గరిట, ప్లాస్టిక్ బకెట్టు. పెళ్ళలు ఏరేసి, మట్టిని గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేశాం. అరకిలో మిగిలే దాకా అలాగే. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచుల్లో చీటీలు పెట్టి పంపాం. చీటీ మీద లోతు, మొక్కల పేర్లు, చివరగా వేసిన ఎరువు, నీటి వనరు రాశాను. "స్వేచ్ఛా సున్నం కూడా చూడండి" అని, అంటే మట్టిలో విడిగా ఉన్న సున్నపు కార్బొనేటు ఎంతో చూడమని, విడిగా అడిగాను. అడగకపోతే చూడరు.

మామూలు నివేదికలో రానిది ఇంకొకటి సీసం. పాత గోడలకు ఆయిల్ పెయింటు ఉండి, ఆ శిథిలాల్లో ఆకుకూరలు పెంచుతుంటే దాన్నీ అడిగి చేయించుకోవాలి. ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం పరిమితి మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. ఇక్కడి గోడకు వెల్ల తప్ప రంగు లేదని ఆయన ఖాయంగా చెప్పారు, కాబట్టి ఆ ఖర్చు వద్దనుకున్నాం.

ఫలితాల్లో పీహెచ్ వరుసగా 6.7, 7.8, 8.3. మూడో దానిలో సున్నం ఎక్కువ, ఇనుము 2.9. భాస్వరం మొదటి రెండింటిలోనూ చాలా ఎక్కువ. అదే పెరడు, అదే ప్రయోగశాల, మట్టి తీసిన తీరు మాత్రం వేరు.

ఏం చేశాం, ఎందుకు

8.3 అనే అంకె నాకు చాలా చెప్పింది. సున్నం ఉన్న మట్టి సాధారణంగా ఆ చుట్టుపక్కలే ఆగుతుంది. 8.5 దాటి పైకి పోతే సోడియం అని అనుమానించి జిప్సం ఆలోచించాలి. ఎరువుల దుకాణంలో ఆవిడకు జిప్సమే చెప్పారు. చౌడు నేలకు అది మందే. ఇక్కడ మాత్రం కాల్షియం నిండి ఉన్న చోట ఇంకా కాల్షియం పోసినట్టు.

గంధకం వేస్తే పీహెచ్ తగ్గుతుంది కదా అని ఆయన అడిగారు. బ్యాంకు మనిషి కదా, లెక్క వేసి చూపించాను. ఒక కిలో గంధకం సుమారు మూడు కిలోల సున్నాన్ని హరిస్తుంది. ఒక చదరపు మీటరు నేలలో ఆరంగుళాల మందం మట్టి దాదాపు రెండు వందల కిలోలు. అందులో ఐదు శాతం సున్నం ఉందనుకున్నా పది కిలోలు, అంటే చదరపు మీటరుకు మూడు కిలోలకు పైగా గంధకం. పెళ్ళలు కింద ఉన్నంత కాలం సున్నం ఊరుతూనే ఉంటుంది. ఆయన నవ్వి, "అసలు కంటే వడ్డీ ఎక్కువ" అన్నారు.

తవ్వించే ముందు రోగం ఇనుమేనని రుజువు కావాలి. మట్టిలో ఇనుము అంకె ఒక్కటే చూసి నమ్మలేను, ఒకసారి దెబ్బ తిన్నాను కదా. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఇనుము లవణం, ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, కరివేపాకులో ఒకే ఒక్క రెమ్మకు దూదితో పూయించాను. దారం కట్టి గుర్తు పెట్టాం. సాయంత్రం చల్లబడ్డాక పూయాలి, ఎండలో పూస్తే ఆకు మాడుతుంది. తొమ్మిదో రోజు టీచరుగారు ఫోటో పంపారు. దారం కట్టిన రెమ్మ పచ్చబడింది, ఒకటి రెండు ఆకుల్లో దూది తగిలిన మేర మాత్రమే మచ్చలుగా. పక్క రెమ్మలు వెలవెలబోతూ అలాగే ఉన్నాయి. ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే నమ్మకమిచ్చిన పరీక్ష అదే. ఖర్చు పది రూపాయలు దాటలేదు.

జూన్‌లో రెండు వానలు పడి నేల మెత్తబడ్డాక పని మొదలుపెట్టాం. నూరువరహాలను వేరే చోటికి మార్చాం. కరివేపాకును కదపలేం, కాబట్టి దాని చుట్టూ ఒక అర్ధచంద్రం మేర, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతున తవ్వి పెళ్ళలు తీశాం. పదకొండు బస్తాలు వచ్చాయి. మిగతా సగం వచ్చే ఏడాదికి వదిలాం. ఒకేసారి చుట్టూ తవ్వితే వేళ్ళు తెగి చెట్టే పోతుంది. గుంటను పెరట్లోని ఒకటో భాగం ఎర్రమట్టితో, ఆకుల ఎరువుతో నింపాం.

మధ్యకాలానికి చిలేటెడ్ ఐరన్, అంటే బిగుసుకుపోకుండా పట్టి ఉంచే పదార్థంతో కలిపిన ఇనుము, మట్టిలో వేయమన్నాను. దుకాణంలో ఈడీటీఏ రకం ఇచ్చారు. ఆ రకం ఆకుల మీద చల్లడానికి పర్వాలేదు. మట్టిలో పీహెచ్ ఆరున్నర దాటితే ఇనుమును వదిలేయడం మొదలుపెడుతుంది. సున్నం నేలకు కావలసింది ఈడీడీహెచ్‌ఏ. డబ్బా మీద పేరు చూడమని నేను ముందే చెప్పి ఉంటే ఒక ట్రిప్పు తప్పేది. ఈడీడీహెచ్‌ఏ తెచ్చి వేసిన మూడు వారాలకు కొత్త చిగురు లేత పచ్చగా వచ్చింది. వినాయక చవితి నాటికి పూజకు పత్రి కోసుకుంటూ ఆవిడ ఆ మూలను ఎవరికో చూపిస్తూ కనిపించారు.

బూడిద, పెంకులు, ఎముకల పొడి మాన్పించాను. భాస్వరం 96 కిలోలంటే ఏమిటో ఆవిడకు అర్థం కావడానికి ఒక చిట్కా పనికొచ్చింది: హెక్టారుకు కిలోల అంకెను పదితో భాగిస్తే చదరపు మీటరుకు గ్రాములొస్తాయి. తొమ్మిదిన్నర గ్రాములు. రెండున్నర దాటితేనే ఎక్కువ. "అయితే నాలుగేళ్ళు వేయక్కర్లేదన్నమాట" అన్నారు. అంత కచ్చితంగా చెప్పలేను గాని, అది సులువుగా దిగేది కాదు.

పూర్తిగా నయమైందని రాయను. తవ్వని వైపు కొమ్మలు వేసవిలో కుళాయి నీళ్ళు చాలక బోరు నీళ్ళు పోసినప్పుడు మళ్ళీ కాస్త పసుపెక్కుతున్నాయి. ఆ నీటిలోని బైకార్బొనేట్లు ఇనుమును మళ్ళీ బిగిస్తాయి. రెండో అర్ధచంద్రం ఈ జూన్‌లో తవ్వాలి.

ఇప్పుడు నేను ఎవరి పెరట్లోకి వెళ్ళినా సంచిలో గునపం ముక్క, చిన్న సీసాలో వెనిగర్, డిస్టిల్డ్ వాటర్, టీడీఎస్ మీటరు ఉంటాయి. నీరు ఇంకే వేగం చూడడానికి ఒక అడుగు లోతు గుంట చాలు; ఇసుక, బంకమట్టి పాళ్ళు చూడడానికి గాజు సీసా ఆ ఇంట్లోనే దొరుకుతుంది. ఇవి చూశాకే ప్రయోగశాలకు ఎన్ని సంచులు పంపాలో తేల్చుకుంటాను. పోషకాల అంకెల కోసం రంగులు మారే ఇంటి కిట్లు నేను వాడను, ఆ డబ్బు ఇంకో నమూనాకు పెట్టమంటాను. మట్టి తీసేటప్పుడు కుదిరితే దగ్గరుంటాను, లేకపోతే ప్రతి గుంటకూ ఫోటో అడుగుతాను. తీసే గరిటకు కూడా.

టీచరుగారు ఆ మూడు ముళ్ళ మీటరును పారేయలేదు. దాని మీద పీహెచ్ అన్న అక్షరాలపై తెల్ల స్టిక్కరు అంటించి, కింద చేత్తో "తడి" అని రాసుకున్నారు. కుండీలకు నీళ్ళు పోయాలో వద్దో రోజూ దాన్నే గుచ్చి చూస్తారు. ఆ పనికి అది బాగానే పనికొస్తోంది.